కుచ్చు కట్టే చేతికి కూలి ఎంత?

కోతలు దగ్గరపడ్డాయి. ముందు నాట్లు పడ్డ చేలు పండుబారాయి, ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి కొన్ని ఊళ్లలో కోత మిషన్లు దిగే ఉంటాయి. ఇలాంటి వేళ సంపాదకీయం అంటే ధాన్యం కొనుగోలు గురించో, తేమ శాతం పేరుతో జరిగే కోతల గురించో ఉంటుందని మీరు అనుకుంటారు. వాటి గురించి లోపలి పేజీల్లో ఉంది. ఇక్కడ మాత్రం వరి కంకుల కుచ్చుల గురించి రాస్తున్నాం. నవ్వకండి. ఈ మాట మిషను చేలో దిగకముందే మాట్లాడుకోవాలి, దిగాక మాట్లాడుకుని లాభం లేదు.

మొన్న ఒక అవగాహన సదస్సుకు మనవాళ్లు వెళ్లారు. అక్కడ వేదిక మీది పెద్దమనిషి ఒకాయన, రైతు కుటుంబాలు చలికాలం ఖాళీగా కూర్చోకుండా చేతిపనులు చేసుకుంటే ఆదాయం రెట్టింపు ఏం ఖర్మ, పదింతలవుతుందని చెప్పారట. లెక్క కూడా చూపించారు. అరకిలో ధాన్యం పన్నెండు రూపాయలు. అదే అరకిలో కంకుల్ని కుచ్చుగా కట్టి పట్నంలో అమ్మితే నూట ఇరవై. పన్నెండు ఎక్కడ, నూట ఇరవై ఎక్కడ? చప్పట్లు కొట్టారట జనం. మనవాళ్లు కూడా కొట్టామని ఒప్పుకున్నారు.

ఆ లెక్కలో లేనిది ఒక్కటే. కుచ్చు కట్టిన మనిషి.

ఇది మేం ఊరికే అనడం లేదు, నిరుడు చేసి చూశాం. మన సంఘంలోని ఆడవాళ్లు, రెండు ఊళ్ల నుంచి పదకొండు మంది, ధనుర్మాసం నెల పట్టిన దగ్గర్నుంచి భోగి ముందు దాకా కూర్చుని రెండువందల కుచ్చులు కట్టారు. కట్టమని చెప్పింది మేమే, కాబట్టి తప్పులు కూడా మా ఖాతాలోనే రాసుకోవాలి. పట్నంలో అలంకరణ సామాను అమ్మే ఒక షాపు ఆయన ముందే మాట్లాడుకుని, కుచ్చు నలభై రూపాయల చొప్పున నూట నలభై తీసుకెళ్లాడు. డబ్బు పండగయ్యాక అన్నాడు. సరే అన్నాం. పండగయ్యాక ముప్పై వెనక్కి ఇచ్చాడు, అమ్ముడుపోలేదని. ఆ ముప్పైలో సగం ఎలుకలు కొట్టేసినవి. నూటపదికి లెక్కకట్టి నాలుగువేల నాలుగువందలు చేతిలో పెట్టాడు. అదే షాపులో అవే కుచ్చులు రెండువందలకు వేలాడదీసి ఉండటం మావాళ్లు కళ్లారా చూసి వచ్చారు.

మిగిలిన అరవై కుచ్చుల్ని భోగికి రెండు రోజుల ముందు ఒక గుడి ముందు గోనెపట్టా పరుచుకుని మావాళ్లే అమ్మారు. నూట ఇరవై చొప్పున. మధ్యాహ్నం భోజనాల వేళకి పట్టా ఖాళీ. ఏడువేల రెండువందలు. నూటపది కుచ్చుల మీద వచ్చినదానికంటే అరవై మీద వచ్చిందే ఎక్కువ. మొత్తం కలిపి పదకొండువేల ఆరువందలు. తలా వెయ్యి చిల్లర వచ్చింది, పండక్కి పిల్లలకు బట్టలు కొన్నామని సంతోషపడ్డారు. మేమూ సంతోషపడ్డాం. మన పత్రికలో ఫొటో కూడా వేశాం, మీకు గుర్తుండే ఉంటుంది.

ఒక్కో కుచ్చుకు ఎంతసేపు పట్టిందమ్మా అని మేం అడిగింది మాత్రం పండగ వెళ్లిపోయాక. ముందే అడగాల్సింది. కంకి కోయడం, ఆకు వొలవడం, ఆరబెట్టడం, అల్లడం అన్నీ కలిపితే చెయ్యి తిరిగినవాళ్లకు రెండు గంటలు. కొత్తవాళ్లకు మూడు. రెండే అనుకుందాం. రెండువందల కుచ్చులకు నాలుగువందల గంటలు, అంటే యాభై పనిదినాలు. నిరుడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. యాభై రోజులకు పదిహేను వేలు. కుచ్చుకు అరకిలో చొప్పున రెండువందలకు క్వింటాలు ధాన్యం పోయింది. నిరుటి మద్దతు ధర సాధారణ రకానికి 2300. రెండూ కలిపితే పదిహేడువేల మూడువందలు. మన చేతికొచ్చింది పదకొండువేల ఆరువందలు. దారం, ఆటో ఖర్చులు వేయకుండానే అయిదువేల ఏడువందలు తరుగు. ఫొటో వేసి మరీ నష్టాన్ని పండగ చేసుకున్నామన్నమాట.

అయితే కుచ్చులు మానేద్దామా? మానొద్దనే మా మాట. ఎందుకో చెబుతాం.

డెల్టాలో ధనుర్మాసం నెల ఆడవాళ్లకు ఒకప్పుడు తీరిక లేని నెల. కోత, కట్టివేత, కుప్ప, నూర్పు, తూర్పారబోత. వాటిలో చాలా పనులకు కూలి ఉండేది, ధాన్యంగానో డబ్బుగానో. మిషను వచ్చాక ఎకరం గంటలో అయిపోతోంది. మేం మిషనుకు వ్యతిరేకం కాదు. వాన మబ్బు పట్టినప్పుడు మిషను దొరక్క ఫోన్లు చేసి బతిమాలుకునేది కూడా మనమే. కానీ ఆ గంటలో ఎంతమంది పని పోయిందో ఎవరూ లెక్క రాయలేదు. కోతలయ్యాక చేలో పడ్డ కంకులు ఏరుకోవడాన్ని పరిగె అనేవాళ్లం. భూమి లేని ఇళ్లలో సంక్రాంతి అరిసెల బియ్యం చాలావరకు పరిగె గింజలే. రైతు కాదనేవాడు కాదు, అది వాళ్ల హక్కన్నట్టే ఉండేది. మిషను వెనక పరిగె లేదు. పడిన గింజ తొక్కుడుకి మట్టిలో కలిసిపోతుంది, గడ్డి కూడా పొట్టయి చెదిరిపోతుంది. పశువుల మేతకు గడ్డి కొనుక్కునే రైతుల్ని ఇప్పుడు చూస్తున్నాం, అది వేరే కథ.

కాబట్టి డిసెంబరు జనవరి నెలల్లో ఊళ్లో చేతులు ఖాళీగా ఉన్న మాట నిజం. కానీ అది తీరిక కాదు. పని పోవడం. తీరిక వేరు, పని లేకపోవడం వేరు. సదస్సు పెద్దమనిషికి ఆ తేడా తెలియకపోవచ్చు, మనకు తెలియకపోతే మాత్రం తప్పు.

ఈ తీరిక అనే మాట ఎంత పని చేస్తుందో చూడాలంటే నరసాపురం దాకా వెళ్తే చాలు. అక్కడి లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పింది. చుట్టుపక్కల పల్లెల్లో రైతుల ఇళ్ల ఆడవాళ్లు, పేదింటి ఆడవాళ్లు క్రోషే సూదితో అల్లిన లేసు దేశాలు దాటి పోయింది, ఇప్పటికీ పోతోంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో ఆ ఊళ్లలో తిరిగి అధ్యయనం చేసి, 1982లో దాని మీద పుస్తకం వేశారు. ఆవిడ కనిపెట్టిన విషయం మనం తలలో పెట్టుకోవాలి. ఈ ఆడవాళ్లు ఇంటి పని అంతా చేసుకుని, ఆ పైన రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవాళ్లు. చేతికి వచ్చేది కనీస కూలికి ఎక్కడో అడుగున. వాళ్లను ఎవరూ కార్మికులు అనలేదు. గృహిణులు, ఇంటి పట్టున ఉండి ఖాళీ సమయంలో సూది పట్టుకున్నారు అన్నారు. ఆ ఒక్క మాటతో కూలి అడిగే దారి మూసుకుపోయింది. సరుకు తిప్పినవాళ్లు, ఎగుమతి చేసినవాళ్లు బాగుపడ్డారు. అల్లినావిడకు తను అల్లింది ఎంతకు అమ్ముడుపోయిందో కూడా తెలియదు, ఎందుకంటే ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని విడివిడిగా అల్లారు, ఏజెంటు గుమ్మం గుమ్మానికీ వచ్చి ఎత్తుకెళ్లాడు.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఆ గుర్తింపు పేరు దొంగతనాన్ని ఆపుతుంది. అల్లినావిడకు గంటకు ఎంత ఇవ్వాలో మాత్రం అందులో రాసి ఉండదు.

మన కుచ్చులు ఆ దారిన పోకూడదన్నదే ఈ సంపాదకీయం రాయడానికి కారణం. నిరుడు మనం వేసిన అడుగు సరిగ్గా ఆ దారిలోనే ఉంది: షాపు ఆయన చెప్పిన ధర, అప్పు మీద సరుకు, మిగిలింది వాపసు. వ్యాపారం ఆయనది, నష్టభయం మనది.

ఈ ఏడు లెక్క ముందే వేసుకున్నాం. 2025-26కి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి కూలి 307. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు ముప్పై ఎనిమిది రూపాయల పైచిలుకు. రెండు గంటలకు డెబ్బై ఏడు. ధాన్యం క్వింటాలు 2369, అంటే అరకిలో పన్నెండు. నార, ఆటో, పాడైపోయేవి అన్నీ కలిపి కుచ్చుకు పది పన్నెండు వేసుకోండి. నూరు రూపాయలు. ఇది లాభం కలిపిన ధర కాదు, కూలి గిట్టే ధర. అంతకు తక్కువకు ఇంటి గుమ్మంలో కుచ్చు ఇచ్చేది లేదు. షాపులకు ఇస్తే నగదు మీదే, వాపసు లేకుండా. వద్దంటే వద్దు, గుడి ముందు పట్టా ఉంది. ఈ నూరు రూపాయల ధరను ఒక ఊరు తప్పితే అన్ని ఊళ్లకూ పోతుంది. పక్క ఊళ్లో అరవైకి ఇస్తున్నారట అని బేరగాడు తప్పకుండా అంటాడు. ఆ పక్క ఊరి ఫోను నంబరు మన దగ్గర ఉండాలి.

కుచ్చులు ఎవరు కట్టాలన్నది కూడా తేల్చుకోవాలి. మా చిన్నప్పుడు కుచ్చు కట్టడం ఇంటి యజమానికి చేతనయ్యేది కాదు. పాలేర్లకు, కోత కూలీలకు వచ్చు. వాళ్లు కట్టి రైతు ఇంటి చూరుకు, గుడి మండపానికి వేలాడదీసేవాళ్లు, పండక్కి కొలిచిన ధాన్యమో కొత్త పంచో పుచ్చుకునేవాళ్లు. పిచ్చుకలు వచ్చి ఉగాది దాకా తినేవి. ఆ విద్య ఇప్పుడు ఊరికి ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ల చేతుల్లో మిగిలింది. నిరుడు మావాళ్లకు నేర్పింది కూడా డెబ్బై దాటిన ఒక తాతే. నేర్పినందుకు ఆయనకు రోజు కూలి ఇవ్వాలన్న ఆలోచన మాకు రాలేదు, టీ ఇచ్చి పంపాం. ఈసారి నేర్పేవాళ్లకు కూలి లెక్కలో రాస్తాం. పొలం ఉన్న ఇళ్ల ఆడవాళ్లే గుంపు కట్టి, కూలి ఇళ్లవాళ్లను బయట పెడితే మాత్రం ఇందులో సంఘం ఉండదు. పరిగె పోగొట్టుకున్నవాళ్లకే ఇందులో మొదటి పీట.

కౌలు రైతుల మాట ఒకటి. ఈ-క్రాప్‌లో పేరు ఎక్కక, కార్డు మీద సంతకం పెట్టే ఆసామి దొరకక, సొంతంగా పండించిన ధాన్యాన్ని సొంత పేరు మీద అమ్ముకోలేని వాళ్లు మనలో ఎంతమందో. కుచ్చు అమ్మడానికి ఏ కార్డూ అడగరు. ఇది గొప్ప కాదు, ఎంత అన్యాయమో చూడమని చెబుతున్నాం. చేలో మూల కంకులు కోసుకోవడానికి ఆసామి అభ్యంతరం పెట్టిన చోట మన మండల కమిటీ వెళ్లి మాట్లాడుతుంది.

ఇక పని సంగతి. గింజ పండి, కాడలో ఇంకా కొంచెం పచ్చదనం ఉన్నప్పుడే కంకి కోయాలి. పూర్తిగా ఎండాక కోస్తే గింజ రాలుతుంది, అల్లేటప్పుడు కాడ పుటుక్కుమంటుంది. మంచు ఆరాక కోయండి. కంకి కింద జానెడున్నర కాడ ఉండాలి, అందుకే మరీ పొట్టి రకాలు పనికిరావు, ముట్టుకుంటే గింజ రాలే రకాలూ పనికిరావు. ఆకు వొలిచి నీడన రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. తొందరపడి ఎండలో వేస్తే పెళుసెక్కుతుంది, సరిగ్గా ఆరకపోతే బూజు పడుతుంది. అల్లే ముందు రాత్రి కాడల వరకు తడిగుడ్డ చుట్టి ఉంచితే మెత్తబడతాయి. మూడు పాయలుగా జడ అల్లినట్టే అల్లడం, పాయ తిప్పినప్పుడల్లా కొత్త కంకిని చేర్చుకోవడం, పట్టీ పొడవయ్యాక గుండ్రంగా చుట్టి వరస మీద వరస కట్టడం. అరకిలో కుచ్చుకు నూటయాభై నుంచి రెండువందల కంకులు పడతాయి. చెప్పడానికి ఇంతే, చేతికి రావడానికి వారం పడుతుంది. కట్టడానికి అరటి నారగానీ పురికొసగానీ వాడండి. ప్లాస్టిక్ దారం, నైలాను దారం వద్దు, పిట్టల కాళ్లకు చుట్టుకుంటుంది.

ఇంకో సంగతి, ఇది గట్టిగా చెబుతున్నాం. గింజ పాలుపోసుకున్నాక పురుగుమందు కొట్టిన చేలో కంకి కుచ్చుకు కోయొద్దు. పట్నంవాళ్లు ఆ కుచ్చు కొనేది పిచ్చుక వస్తుందని. వచ్చిన పిచ్చుక మన గింజ తిని కింద పడితే మనం అమ్మిందేమిటి? రంగులు, మెరుపులు కూడా వేయొద్దు. దోమపోటుకు ఆఖరు వరకూ మందు కొట్టక తప్పని చేలున్నాయి, తెలుసు. ఆ చేను వదిలేసి వేరే చేలో కోసుకోండి.

భోగి పిడకల గురించి చాలామంది అడుగుతున్నారు. గారెల్లా చిల్లు పెట్టి ఎండబెట్టి, తాడుకు గుచ్చి దండలు చేస్తే పట్నాల్లో కొంటున్నారు, ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నారు. గొబ్బెమ్మలు పెట్టే నెలే కాబట్టి పని కలిసొస్తుంది. పశువులున్న ఇళ్లవాళ్లు చేసుకోవచ్చు, కానీ ఉన్న పేడంతా దండలు గుచ్చి అమ్మేసి, పొలానికి మళ్లీ బస్తాల ఎరువు మోసుకురావడం తెలివైన బేరం కాదు. రెండు పశువులున్న ఇంటికి పది దండలు చాలు. మన్యం నుంచి అడ్డాకు విస్తళ్లు కుట్టే సోదరీమణులు కూడా ఉత్తరం రాశారు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు 2022 జూలై 1 నుంచి నిషేధం, అయినా మన పెళ్లిళ్లలో అవే కనిపిస్తున్నాయి. వారి సంగతి విడిగా రాయాలి, ఆకు మీద హక్కు, దళారీ లెక్క రెండూ అందులో ఉన్నాయి. వచ్చే నెల రాస్తాం.

మళ్లీ సదస్సు మాట దగ్గరికి వద్దాం. చేతిపనులు చేసుకోండి, ఆదాయం పెరుగుతుంది అని ఎవరైనా చెబితే వినండి, చేయండి. దాని పక్కనే క్వింటాలు ధాన్యం సంగతి ఏమిటని కూడా అడగండి. స్వామినాథన్ కమిషన్ చెప్పింది మొత్తం సాగు ఖర్చు మీద యాభై శాతం కలిపి ధర ఇమ్మని. ఆ నివేదికలు 2006 నాటికే పూర్తిగా సర్కారు చేతికి అందాయి. ఇన్నేళ్లుగా అది అడుగుతుంటే సమాధానం రాదు గానీ, కుచ్చులు కట్టుకోమనే సలహా మాత్రం వెంటనే వస్తుంది. కుచ్చు కూడా పంట మీదే ఆధారపడిందన్న సంగతి మరిచిపోతున్నారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలు చేలే నీళ్లలో పడుకున్నాయి, కంకి మీదే మొలకలు వచ్చాయి. ఆ ఏడు కుచ్చు కట్టడానికి కంకి ఎక్కడిది? చేను పోయిన ఇంట్లో చేతిపని కూడా పోతుంది.

సర్కారు నిజంగా ఈ పనికి సాయం చేయాలనుకుంటే పెద్ద పథకాలేమీ అక్కర్లేదు. 1999 నుంచి రైతు బజార్లు ఉన్నాయి. ధనుర్మాసం నెల పాటు ప్రతి రైతు బజారులో కంకుల కుచ్చులకు, చాపలకు, చీపుళ్లకు, విస్తళ్లకు రుసుము లేకుండా నాలుగు గజాల చోటు ఇవ్వాలి. గుళ్ల ముందు స్థలం వేలం పాడుకున్నవాళ్లు నిరుడు మావాళ్ల పట్టాను రెండుసార్లు లేపించారు, మూడోసారి ఒక పూజారిగారు మాట సాయం చేసి కూర్చోబెట్టారు. అలా ఒకరి దయ మీద కాకుండా, దేవాదాయ శాఖే పండగ నెలలో ఇలాంటివారికి చోటు వదలాలని వేలం షరతుల్లో రాయాలి. ఈ రెండింటి మీద వినతిపత్రం తయారైంది. అన్ని మండల కమిటీలూ తమ సంతకాలు ఈ నెలాఖరులోగా పంపాలి.

ఇక మీరు చేయాల్సిన పని. కోత మిషనుకు కబురు పెట్టేముందు, మందు పడని చేలో గట్టు వెంబడి రెండు మూడు వరసలు కొడవలికి వదలండి. ఆ వరసలు ఎవరు కోసుకుంటారో ముందే కూలి ఇళ్లవాళ్లతో మాట్లాడుకోండి. కోసిన రోజు నుంచి ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో ఒక నోటు పుస్తకంలో రాయించండి, స్కూలు పిల్లలకు చెబితే రాస్తారు. కుచ్చు లెక్క కాదు, గంటల లెక్క. ఆ పుస్తకాలు సంక్రాంతి వెళ్లాక జరిగే జిల్లా సమావేశానికి తీసుకురండి. ఈసారి ఫొటో వేసే ముందు అవి చూస్తాం.